వ్రతానికి అడ్డురానివి

మా అన్న గుండెలో ఒక పక్క గోడ చచ్చిపోలేదు, నిద్రపోయింది అని డాక్టరు చెప్పినప్పుడు మా వదిన ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన గుజరాతీ మనిషి, వయసులో మాకంటే చిన్నవాడు. ఆ దండానికి కాస్త ఇబ్బంది పడి, కుర్చీ దగ్గరికి జరుపుకొని హిందీలో మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాడు. రక్తనాళం మూసుకుపోయి కొన్ని గంటలు ఆ కండకు రక్తం అందలేదు. ఇప్పుడు స్టెంట్ వేసి దారి తెరిచాం, రక్తం పోతోంది. అయితే రక్తం అందగానే కండ లేచి పనిలోకి దిగదు. దెబ్బ తిని సొమ్మసిల్లిన మనిషిలా పడి ఉంటుంది. కొన్ని వారాలు దానిమీద బరువు పడకుండా కాపాడుకోవాలి. తెరిచిన దారి మళ్లీ గడ్డకట్టి మూసుకోకుండా గోళీలు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. అలా ఉంటే మెల్లగా లేస్తుంది. అప్పుడు మళ్లీ స్కాన్ తీసి చూద్దాం అన్నాడు.

అన్న కూతురు మా పక్కనే నిలబడి ఉంది. ఎంబ్రాయిడరీ కార్ఖానాలో కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తుంది. సూరత్‌లోనే పుట్టింది కాబట్టి మూడు భాషలూ ఒకే మాటలో కలిపి మాట్లాడుతుంది.

“డాక్టర్ సాబ్, ఔర్ నహీఁ ఉఠా తో?” అని, లేవకపోతే ఎట్లా అని అడిగింది.

“ఉఠేగా,” అన్నాడాయన. “బస్, ఉఠ్‌నే దో.”

లేస్తుంది, లేవనివ్వండి చాలు. ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చాం.

మేము కరీంనగర్ వైపు సాలోళ్లం, నేతే మా కులవృత్తి. మా నాయన బతుకుదెరువు వెతుక్కుంటూ సూరత్ వచ్చేనాటికి అన్న చేతిమగ్గం నేర్చుకొని ఉన్నాడు, నాకు ఇంకా నేర్చుకునే ఈడు రాలేదు. ఇక్కడికి వచ్చాక అన్న గోడాదరాలో పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడు. నేను చదువుకొని చీరల దుకాణంలో బిల్లులు రాసే పనిలో పడ్డాను. సాయంత్రాలు మా వాళ్ల భజన మండలిలో పురాణం చదివి అర్థం చెప్తాను. ఆ చదువు నాకు మండలిలోని ఒక ముసలి గురువు పెట్టిన భిక్ష. ఆయన పోయాక ఆ పీట నాకు వచ్చింది. అన్న నా ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. శ్లోకం ఆయనకు రాదు, కానీ కథ వచ్చినప్పుడు కళ్లు తుడుచుకునేవాడు. మా కులానికి గురువైన మహర్షి చిన్నపిల్లవాడిగా శివలింగాన్ని కౌగిలించుకొని, యమపాశాన్ని తప్పించుకున్న ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఆయనకు మొదటిసారి విన్నట్టే ఉండేది.

నొప్పి వచ్చింది కార్ఖానాలో, ఉదయం షిఫ్టులో. గ్యాస్ అనుకొని సోడా తెప్పించుకొని తాగాడు. పక్క మగ్గాల వాళ్లు ఇంటికి పొమ్మన్నారు. నడుస్తున్న మగ్గాన్ని మధ్యలో వదిలేయడం మా వాళ్లకు చేతకాదు. ఆగినచోట గుడ్డకు అడ్డంగా సన్నని గీత పడుతుంది, ఉతికినా పోదు. అందుకని షిఫ్టు మారే మనిషి వచ్చేదాకా చెమటలు కక్కుతూ మగ్గాల మధ్యనే తిరిగాడు. రక్తం అందని గంటలు అని డాక్టరు అన్నవి అవే.

ఇంటికి వచ్చిన వారంలో మండలి పెద్దమనిషి చూడటానికి వచ్చాడు. మండలి కట్టిన నాటి నుంచీ ఆయనే పెద్ద, మా అందరికీ తాత వరస. మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

“ఏందయ్యా, యముని దాకా పోయి మల్లొచ్చినవంట?”

“ఆయనే వచ్చిండు తాతా,” అన్నాడు అన్న. “గోడాదరా ట్రాఫిక్‌ల దున్నపోతుకు దారి దొరకలే. మల్ల పోయిండు.”

అందరం నవ్వాం. వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ తర్వాత పెద్దమనిషి, “మరి పున్నమికి నేసుడెట్ల? నీది తప్ప ఇంకొకరి చెయ్యి ఆ మగ్గం మీద ఆడదు గదా,” అన్నాడు.

శ్రావణ పౌర్ణమికి మా వాళ్లు స్వామిగా కొలిచే ఆ మహర్షిని ఊరేగిస్తారు. లారీని రథంలా అలంకరించి, దాని మీద చేతిమగ్గం బిగిస్తారు. రథం కదులుతూ ఉండగా ఒక నేతగాడు స్వామికి వస్త్రం నేస్తాడు. గోడాదరా నుంచి బయలుదేరి పర్వత్ పాటియా దాకా వెళ్లి తిరిగి మండలికి చేరేసరికి ఆ వస్త్రం పూర్తి కావాలి. మగ్గం మీంచి కోసి, తడి తగలకుండా తెచ్చి స్వామికి కడతారు. సూరత్‌లో మా వాళ్లు వేలమంది మగ్గాల మీద బతుకుతున్నా, అవన్నీ కరెంటు మగ్గాలు. పోగును మోసే నాడెను చేత్తో విసిరి నేసేవాళ్లు మా మండలిలో మిగిలింది అన్న ఒక్కడే.

“నేనే నేస్త,” అన్నాడు అన్న. “మొక్కుకున్న గదా.”

వదిన తల ఎత్తి చూసింది. ఆ మొక్కు సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

“కార్ఖానల నొప్పి లేసినప్పుడు అనుకున్న. స్వామీ, నన్ను నిలబెట్టు, ఈసారి నోట్లె నీళ్లచుక్క సుత వెయ్యకుండ నీ బట్ట నేస్త అని.”

“మొక్కేటప్పుడు నన్నొక మాట అడిగితె ఏంబోయె?” అంది వదిన.

“నువ్వు ఇంట్ల ఉంటివి. స్వామి పక్కనే ఉండె.”

నేసే రోజు నేతగాడు అన్నం తినడు. కానీ పాలు, పండ్లు తీసుకుంటాడు. అది ఎప్పుడూ ఉన్నదే. ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి వస్త్రం కట్టేదాకా నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మా తాతల కాలం మాట. అన్న మొక్కింది ఆ పాత పద్ధతి.

నేను ఆయన్ని ఆపాలనుకోలేదు. నేయకుండా ఉంచితే ఆయన మనసుకు ఎంత కష్టమో నాకు తెలుసు. గోళీల సంగతి ఒక్కటే నన్ను పట్టుకుంది. మరునాడు దగ్గర కూర్చొని చెప్పాను. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయని పెద్దలు శాస్త్రంలో చెప్పారు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హోమం చేసిన అన్నం, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, చివరగా మందు. ఇవి తీసుకున్నా వ్రతం చెడదు. అన్నా, ఆ రాసినవాళ్లు మనుషుల్ని ఎరిగినవాళ్లు, ఉపవాసం ఉండేవాళ్లలో రోగులూ ఉంటారని వాళ్లకు ముందే తెలుసు, అన్నాను.

ఆయన అంతా విన్నాడు. నేను ఏది చదివినా అలాగే వినేవాడు.

“నువ్వు చదువుకున్నోనివి తమ్మి. నీకు ఎనిమిది దార్లున్నయ్. నేను మాట ఇచ్చినోణ్ణి.”

“మాట ఇచ్చిననాడు నీకు గోళీలు లేవు గదా.”

“అందుకే గదా అది మాట.”

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు నేత సంగతి అన్న కూతురే అడిగింది. అన్న గాలిలో చేతులు ఆడించి, కాళ్లతో తొక్కి చూపించాడు. డాక్టరుకు అది ముచ్చటగా తోచినట్టుంది. ఆయాసం వస్తే ఆగాలి, మెల్లగా చేయాలి, గోళీలు మానకూడదు, నీళ్లు తాగుతుండాలి అని ఒప్పుకున్నాడు. నీళ్లు ముట్టని ఉపవాసం గురించి అడుగుదామని నేను నోరు తెరిచేలోపు అన్న నా మోచేయి పట్టుకున్నాడు. అయినా అడిగాను. డాక్టరు, “బిల్‌కుల్ నహీఁ,” అన్నాడు, అస్సలు కుదరదని. అన్న తల ఊపాడు. పెద్దవాళ్లు చెప్పే ఏ మాటకైనా ఆయన అలాగే తల ఊపుతాడు.

ఆ రోజే ఆయన ఛాతీ మీద యంత్రం పెట్టి చూసి డాక్టరు మా వైపు తెర తిప్పాడు. బూడిదరంగు పొగలో ఏదో కదులుతోంది. గోడ అంచులు కదలడం మొదలైందని వేలు పెట్టి చూపించాడు. నాకేమీ తెలియలేదు కానీ అన్న కూతురు తెరకు దగ్గరగా వంగి, “బాపు, జాగ్ రహా హై,” అంది, మేలుకుంటోందని. అన్న పడుకునే ఉండి, తన గుండెను తను చూడలేక, కూతురి ముఖం చూశాడు. పున్నమి తర్వాత వారంలో పెద్ద స్కాన్ పెట్టుకుందాం అన్నాడు డాక్టరు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరికీ అదే ధ్యాస. వదిన మెట్ల మీద ముందు నడుస్తూ, “మెల్లగ, మెల్లగ, నిద్రల ఉన్నది,” అనేది, చంటిపిల్ల ఉన్న ఇంట్లో మాట్లాడినట్టు. పొద్దున పూట నేను ఆయన్ని వీధి చివరిదాకా నడిపించేవాణ్ణి. మొదట్లో పాల దుకాణం దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవాడు. కొన్నాళ్లకు ఆగకుండానే దాటి, వెనక్కి తిరిగి నన్ను చూసి, “నీకే ఆయాసం వస్తున్నది తమ్మి,” అని నవ్వాడు.

పున్నమికి ముందు నేతగాడు పట్టే దీక్ష మొదలయ్యాక ఒంటిపూట భోజనం. పొద్దుటి గోళీలు పాలతో వేసుకోవడానికి ఒప్పించాను. పాలు ఆ ఎనిమిదిలో ఉన్నాయి, మందూ ఉంది, రెండూ కలిస్తే ఇంకా మేలు అన్నాను. అలా అన్ని రోజులూ వేసుకున్నాడు. అక్కడిదాకా నా మాట సాగింది. పున్నమి ముందురోజు సాయంత్రం దీపం పెట్టాక, వదిన గోళీలు తెచ్చి చెయ్యి చాపితే, ఆమె వేళ్లు మూసి వెనక్కి పంపాడు.

“ఒక్కదినం,” అన్నాడు. “రేపు ఈ యాళకు నేనే అడిగి వేసుకుంట.”

నేను మళ్లీ చెప్పాను. పెద్దమనిషిని పిలిపించి చెప్పించాను. ఆయన కూడా, “స్వామి మందు వద్దనడు రా, తీసుకో,” అన్నాడు. అన్నకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నేను గొడవపడి గెలిచేవాణ్ణేమో. చేతులు జోడించి, “జర నన్ను ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడు.

పున్నమినాడు కొత్త జంధ్యం వేసుకొని, పంచె కట్టుకొని లారీ ఎక్కాడు. సన్నగా వాన పడుతోంది. మగ్గం పైన నీలం టార్పాలిన్ పట్టా కట్టారు. వీధి అంతా రాఖీల దుకాణాలు. గుజరాతీ ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి మగ్గానికి దండం పెట్టారు. నేను రథం ముందు తాళాలు పట్టుకొని నడుస్తూ, అడుగడుక్కీ వెనక్కి చూస్తున్నాను. అన్న కూతురు లారీ పక్కనే, భుజానికి సంచీ తగిలించుకొని, అందులో నీళ్ల సీసా, గోళీలు పెట్టుకొని నడుస్తోంది.

“ఏం బిడ్డా, రథం పక్కన దవాఖాన నడుపుతున్నవా?” అన్నాడు పెద్దమనిషి.

“హా తాతా. నీకు సుత బీపీ చూడాల్నా? తెలుగోళ్లకు ఫ్రీ,” అంది.

రథం ఆగిన ప్రతిచోటా లారీ అంచు పట్టుకొని పైకి చూసేది. “బాపు, అబ్ తో లేలో,” ఇప్పుడైనా వేసుకో అని.

“ఇంక రెండు మూరలున్నది బిడ్డా.”

మళ్లీ ఒక మలుపు దగ్గర, “బాపు.”

“మూరెడు. మూరెడే.”

ఆయన అంత ఆనందంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. నిజం చెప్పాలి కదా. వాన గాలికి జుట్టు నుదుటికి అంటుకొని, పెదవులు ఎండి, నాడె ఇటు నుంచి అటు పరుగెత్తుతుంటే ఆయన కళ్లు దానివెంట పిల్లాడి కళ్లలా పరుగెత్తాయి. ఒకసారి ఆగి మగ్గం కొయ్య మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. నేను తాళాలు ఆపేశాను. ఆయన నా వైపు చూసి, పాడు అన్నట్టు గడ్డం ఎత్తాడు. పాడాను. ఆ వేళ నేను స్వామి పేరు పిలిచినంతగా జన్మలో పిలవలేదు. మా అన్న గుండెను పిలిచినట్టే ఉంది నాకు.

దీపాలు పెట్టే వేళకు మండలి చేరాం. తెల్లని వస్త్రం, ఎర్రని అంచు, ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు. స్వామికి కట్టారు. హారతి అయ్యాక అన్న తీర్థం పుచ్చుకొని, చెప్పినట్టే కూతురి వైపు చెయ్యి చాపాడు. ఆమె గోళీలు ఆ చేతిలో పెట్టి, మింగేదాకా చూసి, అప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చింది. అందరూ అన్న కాళ్లకు మొక్కారు. ఏమీ కాలేదు కదా అన్నారు. నేను కూడా అలాగే అనుకొని హాయిగా పడుకున్నాను.

మరునాడు పొద్దున మంచం మీద కూర్చొని చాయ్ తాగుతూ, కప్పు పక్కన పెట్టి, “తమ్మిని పిలువు,” అన్నాడట. నేను వెళ్లేసరికి ముఖం బూడిదలా ఉంది. ఈసారి ఎవ్వరం సోడా అనలేదు, క్షణం ఆగలేదు. అదే ఆసుపత్రి, అదే డాక్టరు. స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టింది. మళ్లీ తెరిచారు. ప్రాణం దక్కింది.

మూడో రోజు డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచి మందులు మానారా అని అడిగాడు. వదిన తల వంచుకొని, “ఏక్ దిన్,” అంది. ఆయన తిట్టలేదు. ఆ పొగలాంటి బొమ్మను మళ్లీ తెర మీద పెట్టాడు. అంచులు కదిలాయని చూపించిన చోటనే వేలు పెట్టాడు. ఈసారి ఏమీ తెలియని నాకు కూడా తెలిసింది. చుట్టూ ఉన్నదంతా కొట్టుకుంటోంది, ఆ ముక్క మాత్రం ఊరికే ఉంది.

“పెహ్‌లే సో రహా థా,” అన్నాడు. ఇంతకుముందు నిద్రపోతూ ఉండింది అని. తర్వాతి మాట చెప్పకుండా తెర ఆర్పేశాడు.

“ఏమన్నడు బిడ్డా?” అని వదిన అడిగింది.

“రెస్ట్ తీసుకోమన్నడు,” అంది కూతురు.

అన్న ఇప్పుడు రెండో అంతస్తులోని ఆ ఇంట్లోనే ఉంటాడు. మెట్లు దిగలేడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు కాబట్టి దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోతాడు. పాదాలు వాస్తాయి. ఒంట్లో నీరు చేరుతుందని తాగే నీళ్లకు హద్దు పెట్టారు. దాహం వేస్తే వదిన వైపు చూస్తాడు, ఆమె ఒక గుక్క పోసి గ్లాసు తీసుకుపోతుంది. గోళీలు మాత్రం ఒక్క పూట కూడా మానడు. మండలి వాళ్లు అప్పుడప్పుడు వచ్చి తగ్గు గొంతుతో భజన చేసి వెళ్తారు. స్వామి రెండుసార్లు కాపాడాడని అంటారు. నేనూ కాదనను. ఆ డాక్టరును అంత దగ్గరలో ఉంచింది స్వామి కాక ఎవరు? ఆ ఎనిమిదింటిలో మందును చేర్చే బుద్ధి రుషులకు పుట్టించింది కూడా ఆయనే. అంత దయ ముందుగానే రాసిపెట్టి ఉంటే మా అన్న దాన్ని దాటి ఇంకా ఇవ్వాలనుకున్నాడు. ప్రేమ ఎక్కువైన వాళ్లకు ఏ శాస్త్రం చెప్పి ఆపాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చొని పురాణం చదువుతున్నాను. వింటూ వింటూ నన్ను ఆపాడు.

“తమ్మి, ఒకటి అడుగుత. నిజం చెప్పు. గట్ల జెయ్యమని స్వామి నన్ను అడిగిండా?”

ఓదార్పు మాటలు నాకు చాలా వచ్చు, మండలిలో ఎంతమందికో చెప్పాను. ఆయనకు చెప్పలేకపోయాను.

“అడగలే అన్నా.”

ఆయన తన ఒళ్లో చేతులు చూసుకున్నాడు.

“గట్లయితే నేనే ఇచ్చిన అన్నట్టు,” అన్నాడు.

“అయితే తిరిగి ఇమ్మని అడుగు. ఆయన తండ్రి గదా, తప్పు పట్టడు.”

“ఇచ్చింది మల్ల ఎట్ల అడుగుత?” ఊపిరి కోసం ఆగి, మళ్లీ అన్నాడు. “సిగ్గయితది తమ్మి.”

కళ్లు మూసుకున్నాడు. నిద్రో కాదో తెలియలేదు. నేను పుస్తకం మూసి, చప్పుడు చేయకుండా లేచి, మెట్లు దిగి వచ్చాను.

ఆయనకు సిగ్గు. నాకు లేదు. అందుకని పొద్దున్నే దీపం దగ్గర కూర్చొని ఆయన బదులు నేను అడుగుతున్నాను. ఆ కండను లేపమని అడగను, అది లేవదని చూసి వచ్చినవాణ్ణి. ఒక్కసారి మా అన్నను ఆ రెండు అంతస్తులూ దిగనివ్వు, నా పక్కన వీధి చివరిదాకా నడవనివ్వు, అంతే చాలు అంటాను. ఇంకా ఏ జవాబూ రాలేదు. రేపు మళ్లీ అడుగుతాను.